జాతర వారాన్ని వదులుకోకండి

ప్రశ్న: తిరుపతిలో మా అపార్ట్‌మెంట్‌లో 40 ఇళ్లు. ఏ కార్యక్రమం పెట్టినా సగం మంది కిందికి దిగరు. చందా దగ్గరే మాటలొస్తున్నాయి. ఏం చేయమంటారు?
– అసోసియేషన్ కార్యదర్శి

జవాబు: ముందు తేదీ చూసుకోండి సార్. శ్రీవారి బ్రహ్మోత్సవాలప్పుడు మీ ఊళ్లో ఇంటింటా చుట్టాలే. టీటీడీ ఉద్యోగులకు కొండమీద డ్యూటీలు. ఆ రోజుల్లో పిలిస్తే ఎవరొస్తారు?

నన్నడిగితే, మే నెలలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతర వారాన్ని పట్టుకోండి. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ రోజుకో వేషం ఊరంతా కనిపిస్తుంది. ఒక సాయంత్రం పిల్లలకు ఆ వేషాలు మీ సెల్లార్‌లోనే కట్టించండి. బైరాగికి ఒంటినిండా తెల్లటి నామంకొమ్ము, తోటికి బొగ్గుపొడి, చేతిలో వేపమండ. రంగు పూయడం తెలిసిన అవ్వల్ని బతిమాలి కిందికి తీసుకురండి. మనవడి ముఖానికి రంగేస్తూ అవ్వ కథ చెబుతుంటే తలుపులు వేసుకుని కూర్చునేవాళ్లుండరు. వేరే జిల్లాల నుంచి వచ్చి అద్దెకున్నవాళ్లను తప్పక పిలవండి. చాలాచోట్ల వాళ్లకు కబురే అందదు, అది నాకు బాధనిపించే విషయం. వాచ్‌మన్ కుటుంబాన్నీ పిలవండి.

చందా అడగొద్దు. ఇంటికో వంటకం తెమ్మనండి: ఒకరింట్లో రాగిసంగటి, ఇంకొకరింట్లో చెనిక్కాయల ఊరిబిండి, మరొకరింట్లో అంబలి. మెయింటెనెన్స్ డబ్బు ముట్టుకోకండి. షామియానా, కుర్చీల ఖర్చు ఇష్టమున్నవాళ్లే పెట్టుకుని, లెక్క మర్నాడే లిఫ్టు పక్కన అతికించాలి. రాత్రి 10 దాటాక మైకు చట్టం ఒప్పుకోదు, 9.30కే ఆపేయండి, పరీక్షలకు చదివే పిల్లలుంటారు.