హీటర్ కొనే ముందు

తొర్రూరు,
డిసెంబర్ నెల.



కొత్త స్లాబు ఇల్లు పాత పెంకుటింటి కన్నా చల్లగా ఉందనీ, రాత్రిళ్లు పాపకు ముక్కు పట్టేస్తోందనీ, రూమ్ హీటర్ కొంటామనీ ఫోన్లో అన్నావు. కొనకు బిడ్డా. ఎందుకో రాస్తున్నాను, అల్లుడికి కూడా చదివి వినిపించు.

ముందు కరెంటు సంగతి. 2000 వాట్ల హీటర్ గంటసేపు ఆగకుండా నడిస్తే 2 యూనిట్లు కాలుతాయి. రాత్రికి 8 గంటలు వేస్తే 16 యూనిట్లు. పదమూడు రాత్రులకే 200 దాటిపోతుంది. మీకు రేషన్ కార్డు ఉంది కాబట్టి 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తోంది. అది 200 యూనిట్ల వరకే. 201 అయితే ఆ పైన ఒక్క యూనిట్‌కే కడితే సరిపోదు, నెల మొత్తానికీ కట్టాలి. పైగా 200 దాటినవాళ్లకు మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసల లెక్క పడుతుంది. అంటే వెయ్యి రూపాయల పైమాటే. ఫ్యాన్లు ఆగి బిల్లు తగ్గాల్సిన నెలల్లో ఈ ఖర్చు నెత్తికెత్తుకోవడం ఎందుకు?

మన వరంగల్ వైపు చలి రాత్రి చలే. మామూలుగా 15 డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతుంది, చలిగాలి గట్టిగా వీచిన రోజుల్లో ఇంకా పడిపోతుంది. మధ్యాహ్నానికి మళ్లీ 30 దగ్గరికి వచ్చేస్తుంది. ఆ పగటి వేడిని రాత్రి దాకా ఇంట్లో నిలుపుకుంటే చాలు. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు కనుక మీ దక్షిణపు కిటికీలోంచి ఎండ గది లోపలిదాకా పడుతుంది. పది గంటలకల్లా పరదాలు తీసెయ్. పరుపులు, దుప్పట్లు ఎండలో వెయ్. పొద్దు వాలకముందే కిటికీలు మూసి, మందపు పరదాలు దించు. తలుపు కింద సందులో పాత చీర చుట్టి పెట్టు. పైన వెంటిలేటర్ మాత్రం మూయకు, గదిలో పసిబిడ్డ ఉంది.

మట్టిగోడలు మందంగా ఉండేవి, పెంకుల కింద అటకలో గాలి పొర నిలిచేది. అందుకే పాత ఇల్లు వెచ్చగా ఉండేది. స్లాబు అలా కాదు, మబ్బు లేని రాత్రి తనలోని వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. ఇంటి మీద డబ్బు పెట్టాలనుకుంటే టెర్రస్ మీద రేకుల షెడ్డు వేయించండి. ఇప్పుడు స్లాబు వేడిని పోనివ్వదు, ఏప్రిల్, మే నెలల్లో ఎండను ఆపుతుంది. చలి రెండు నెలలు, ఎండ నాలుగు నెలలు ఉండే ఊళ్లో రెంటికీ పనికొచ్చేదాని మీదే పైసలు పెట్టాలి.

గది కన్నా మనిషిని వెచ్చగా ఉంచడం తేలిక. మీ ఇంట్లో కింద గ్రానైట్ బండలు, వాటి మీద ఎవరూ పడుకోవద్దు. మంచం లేకపోతే జంపఖానా పరిచి, దాని మీద బొంత వెయ్. మన వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, గట్టి నూలు నేత. మీ అత్తమ్మకు గొంగడి కొను. మన దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు నేసి, చింతగింజల గంజి పెట్టి బిగిస్తారు. ఒంటికి గుచ్చుకుంటుంది గనుక లోపల ఒక నూలు చద్దరు కప్పుకోమను. పాపకు మాత్రం బరువు దుప్పటి వద్దు, ముఖం మీదికి వస్తే ప్రమాదం. రెండు పొరల నూలు బట్టలు, మేజోళ్లు వేసి గోడకు దూరంగా నీ పక్కన పడుకోబెట్టుకో.

ఇక స్నానాల నీళ్లు. 20 లీటర్ల బకెట్‌ను గోరువెచ్చగా చేయడానికి దాదాపు అర యూనిట్ పడుతుంది. నలుగురికీ రోజుకు 2, నెలకు 60. పొద్దంతా గీజర్ వేసి వదిలేస్తే ఇంకా పెరుగుతుంది. పాపకూ అత్తమ్మకూ స్నానం పదకొండు, పన్నెండు మధ్య పెట్టు. అప్పటికి మేడ మీది ట్యాంకులో నీళ్లకు ఎండ తగిలి ఉంటుంది, కొంచెం కాస్తే సరిపోతుంది. పత్తి ఏరడం అయిపోయాక కట్టె ఊరికే కాలబెడుతున్నారు కదా, ఒక బండెడు తెచ్చి పెరట్లో కాగు కింద పెట్టుకోండి. రాడ్ వాడితే స్విచ్ ఆపి, ప్లగ్ తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి. ఇది అల్లుడికి గట్టిగా చెప్పు.

అన్నిటికన్నా పెద్ద భయం నాకు నిప్పుల కుంపటి. అత్తమ్మ రాత్రిపూట గదిలో పెట్టుకుంటుందని నువ్వే అన్నావు. మూసిన గదిలో బొగ్గులు రగిలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. కిటికీ లేని స్నానాలగదిలో గ్యాస్ గీజర్‌తోనూ ఇదే ప్రమాదం. చలి కాచుకోవాలంటే వాకిట్లోనే. కుంపటి లోపలికి తేవద్దని పెద్దమ్మ మాటగా ఈ రాత్రికే అత్తమ్మకు చెప్పు బిడ్డా.

మీ పెద్దమ్మ