ప్రతినాయకుని పాత్రలో ఆటగాడు: ‘డంజన్ కీపర్’ పరిశీలన

కావ్యంలో ప్రతినాయకుడు ఎంత బలవంతుడైనా పాఠకుని అభిమానం నాయకుని పక్షానే ఉంటుంది. కంప్యూటరు క్రీడలు కూడా చాలాకాలం ఈ సంప్రదాయాన్నే పాటించాయి. వీరుడు నేలమాళిగలో ప్రవేశిస్తాడు, రాక్షసులను వధిస్తాడు, నిధిని వశపరచుకొంటాడు. ఇంగ్లండులోని గిల్‌ఫర్డ్ పట్టణానికి చెందిన బుల్‌ఫ్రాగ్ సంస్థ, పీటర్ మాలిన్యూ సారథ్యంలో 1997లో వెలువరించిన ‘డంజన్ కీపర్’ ఈ వరుసను తారుమారు చేసింది. ఇందులో ఆటగాడే నేలమాళిగకు అధిపతి. దండెత్తి వచ్చే వీరులే అతని శత్రువులు.

క్రీడాస్వరూపం స్థూలంగా ఇది. ఇంప్‌లనే చిన్న భూతాలు మట్టి త్రవ్వి బంగారాన్ని ఖజానాకు చేరుస్తాయి. మాయాద్వారం గుండా కొలువుకు వచ్చే ప్రాణులకు ఆటగాడు నివాసం, తినడానికి కోళ్ళు, శిక్షణాలయం, గ్రంథాలయం సమకూర్చాలి. జీతాల దినాన బంగారం చెల్లించాలి. జీతమందక, ఆకలి తీరక కోపగించిన ప్రాణులు కొలువు విడిచి వెళ్ళిపోతాయి. నేలమాళిగకు గుండెకాయ వంటి కట్టడం ధ్వంసమైతే ఆట ముగిసినట్లే. దుష్టుడైనా సరే, పరివారాన్ని పోషించనిదే అతని ప్రభుత్వం నిలువదన్నమాట.

అయితే ఈ పోషణలో దయ కంటే లెక్కే ఎక్కువ. తెరపై కనిపించే చేతితో ఆటగాడు తన సేవకులను కొట్టవచ్చు. దెబ్బ తిన్న ఇంప్ త్వరగా పనిచేస్తుంది, కాని దాని ప్రాణశక్తి తగ్గుతుంది. చెరలో ఆకలితో మరణించిన వీరుడు అస్థిపంజరమై లేచి ఆటగాని సైన్యంలో చేరుతాడు. హింసాగృహంలో బాధలకు తాళలేనివాడు పక్షం మార్చుకొంటాడు. ఇందులో ఎక్కడా పగ లేదు. ఎంత కొడితే ఎంత పని జరుగుతుందన్న గణన మాత్రమే ఉన్నది. క్రీడ హాస్యధోరణిలో సాగుతుంది గనుక ఆటగాడు నవ్వుతూనే ఆ గణనకు అలవాటు పడతాడు. దుర్మార్గం ఎల్లప్పుడూ క్రూరమైన ముఖంతోనే రాదనీ, పని త్వరగా ముగించాలనే తొందరగా కూడా వస్తుందనీ ఈ క్రీడ బోధిస్తున్నది.

ఈ పేరుతోనే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ చేతిఫోనుల కొరకు విడుదల చేసిన క్రీడ చరిత్ర మరింత ఆలోచింపజేస్తుంది. అందులో కొన్ని గడులు త్రవ్వడానికి గంటలకొద్దీ వేచి ఉండాలి, లేదా నిజమైన సొమ్ము వెచ్చించాలి. అది ఉచితమని చేసిన ప్రకటన వినియోగదారులను తప్పుదోవ పట్టించేదిగా ఉన్నదని బ్రిటన్‌లోని ప్రకటనల ప్రమాణాల సంస్థ 2014లో నిర్ణయించింది. ఈసారి లెక్కకు గురి అయినవాడు తెర వెలుపలి ఆటగాడే!

ప్రతినాయకుని పాత్ర ధరించినంత మాత్రాన ఎవడూ దుష్టుడు కాడు. ఆ పాత్రలో తన చేయి ఎంత సులువుగా లేచిందో గమనించడమే అందలి ప్రయోజనం. నేటి విద్యార్థులు రేపు కార్యాలయాలలో, కర్మాగారాలలో పదిమందిపై అధికారం వహించవలసినవారు. తమ క్రింద పనిచేసేవారు లెక్కలోని అంకెలు కారని వారు మరువరాదు.