ఒక మాటకు బదులు మరొక మాట: వికీ పుటలలో మూకుమ్మడి మార్పులు

అచ్చయిన గ్రంథంలో దొర్లిన పొరపాట్లకు చివర ఒక తప్పొప్పుల పట్టిక చేర్చడం మన ముద్రాపకుల వాడుక. వికీపీడియాకు ఆ అవసరం లేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో దాదాపు ఏ పుటనైనా, ఎవరైనా, ఎప్పుడైనా దిద్దవచ్చును. అయితే ఒకే మాట వేల పుటలలో మారవలసి వచ్చినప్పుడు ఒక్కొక్క పుటను తెరచి దిద్దడం మానవమాత్రులకు అయ్యే పని కాదు. ఆటోవికీబ్రౌజర్, పైవికీబాట్ అనే పనిముట్లు ఇందుకు ఉపకరిస్తాయి. ఇవి ప్రతి మార్పును మనకు చూపి, అనుమతి పొంది చేయగలవు, అడగకుండానూ చేయగలవు. ప్రమాదమంతా ఈ రెండవ పద్ధతిలోనే ఉన్నది.

యంత్రానికి భాష రాదని విద్యార్థులు మొట్టమొదట గ్రహించవలెను. దానికి కనిపించేది సంకేతాల వరుస మాత్రమే. 2010లో కడప జిల్లాకు వై.ఎస్.ఆర్. జిల్లా అని పేరు మార్చారు. "కడప" అని ఉన్న చోటల్లా కొత్త పేరు పెట్టుమని ఆజ్ఞాపిస్తే, "కడపటి కోరిక" అన్న మాట "వై.ఎస్.ఆర్.టి కోరిక" అయి కూర్చుంటుంది. కాబట్టి వెదికే మాట ఎంత పొడవుగా ఉంటే అంత క్షేమం. "కడప" కంటె "కడప జిల్లా" మేలు.

మాట మొదలు, చివర తెలిపే హద్దు గుర్తులు ఉన్నవి గదా, అవి వాడరాదా అని కొందరు అడుగవచ్చును. ఇంగ్లీషుకు అవి చక్కగా పనిచేస్తాయి. కాని పైవికీబాట్‌కు ఆధారమైన పైథాన్ భాషలోని సాధారణ వెదుకులాటలో మన గుణింతపు గుర్తులు అక్షరాలుగా లెక్కకు రావు. హద్దు గుర్తులతో "రామ" అని వెదికితే "రాముడు", "రామాయణం" కూడ పట్టుబడతాయి. ఎందుకనగా "మ" తరువాత ఉన్న కొమ్మును, దీర్ఘాన్ని యంత్రం మాట ముగింపుగా భావిస్తుంది. మరొక వంక "కడపలో" అన్న మాట దానికి చిక్కనే చిక్కదు. ఉర్దూ వారికి వేరొక చిక్కు కలదు. అరబ్బీ 'కాఫ్', ఉర్దూ 'కాఫ్' పదం మధ్యలో ఒకే తీరుగ కనిపించినా వాటి సంకేతాలు వేరు. కన్ను ఒకటే అంటుంది, యంత్రం కాదంటుంది.

ఇక విభక్తుల సంగతి. మద్రాసు 1996లో చెన్నై అయినది. "మద్రాసులో" అన్నది "చెన్నైలో" అయితే బాగున్నది. "మద్రాసుకు" అన్నది "చెన్నైకు" అయితే తెలుగు చెడినది, "చెన్నైకి" కావలెను. పైగా మద్రాసు విశ్వవిద్యాలయం పేరు మారలేదు. 1953కు పూర్వపు మద్రాసు రాష్ట్రాన్ని చెన్నై రాష్ట్రమని వ్రాస్తే అది భాషాదోషం మాత్రమే కాదు, చరిత్ర దోషం.

వీటన్నిటి కంటె కఠినమైన ఉదాహరణ వరంగల్లు. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాలు పునర్వ్యవస్థీకరింపబడినప్పుడు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అనే జిల్లాలు ఏర్పడినవి. 2021 ఆగస్టులో అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లాగా, రూరల్ జిల్లా వరంగల్ జిల్లాగా మారినవి. చూచుటకు ఇది రెండు వాక్యాల ఆజ్ఞతో తీరిపోయే పని. కాని పేర్లతో పాటు హద్దులు కూడ మారినవి. వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు కొత్త వరంగల్ జిల్లాలో చేరగా, పరకాల, నడికూడ, దామెర మండలాలు హనుమకొండకు వెళ్లినవి. యంత్రాన్ని గుడ్డిగా నడిపితే కాకతీయుల కోట ఉన్న ఖిలా వరంగల్లు హనుమకొండ జిల్లాలో తేలుతుంది. "2016లో ఈ గ్రామాన్ని వరంగల్ రూరల్ జిల్లాలో చేర్చారు" అన్న సత్యవాక్యం అసత్యమవుతుంది.

అంతకంటె పెద్ద చిక్కు మరొకటి. "వరంగల్ రూరల్ జిల్లా"ను "వరంగల్ జిల్లా"గా మార్చిన మరుక్షణం, 2016కు పూర్వపు ఉమ్మడి వరంగల్ జిల్లాను తెలిపే పుటలతో అది కలిసిపోతుంది. పొరపాటు తెలిసి తిరుగు ఆజ్ఞ ఇద్దామంటే ఏది పాతదో, ఏది మనం మార్చినదో యంత్రం విడదీయజాలదు. పాత ఉమ్మడి జిల్లాను కూడ రూరల్ జిల్లాగా మార్చివేస్తుంది. పుట చరిత్రలో పాత ప్రతులన్నీ భద్రంగానే ఉంటాయి, నిజమే. కాని ఆ తరువాత ఇతరులు కూడ దిద్ది ఉంటే, వారి శ్రమ పోకుండ ఒక్కొక్క పుటను చేతితో చక్కదిద్దవలసినదే. అందుచేత ఇట్టి పనికి పేరును బట్టి గాక మండలాన్ని బట్టి పుటల పట్టిక సిద్ధపరచుకొనుట ఉత్తమం.

ముట్టరానివి కొన్ని ఉన్నవి: బొమ్మల దస్త్రాల పేర్లు, వెబ్ చిరునామాలు, ఉల్లేఖనలు, గ్రంథనామాలు. దస్త్రం పేరులో ఒక్క అక్షరం మారినా పుటలో బొమ్మ మాయమవుతుంది. వ్యక్తి అన్న మాటను మనం సవరిస్తే అది అతని మాట కాకుండా పోతుంది. పైవికీబాట్‌లో ఇట్టి భాగాలను మినహాయించే సదుపాయం ఉన్నది.

పని ఆరంభించుటకు ముందు రచ్చబండలో తెలియజేసి, తోటివారి అభిప్రాయం తీసుకొనవలెను. ఇది మర్యాద కొరకు మాత్రమే కాదు. బాట్ హోదా గల ఖాతా చేసే మార్పులు ఇటీవలి మార్పుల జాబితాలో మామూలుగా కనిపించవు. ముందు చెప్పనిదే వాటిని గమనించే కన్ను ఉండదు. పిదప ఇరవై పుటలలో మాత్రమే మార్పు చేసి, ఆ ఇరవైనీ తీరికగా చదువవలెను. ప్రతి దిద్దుబాటు సారాంశంలో ఏ మాటకు బదులు ఏ మాట పెట్టినదీ స్పష్టంగా వ్రాయవలెను.

వేగం కూడదు. పైవికీబాట్ సహజంగా రెండు దిద్దుబాట్ల నడుమ 10 సెకన్లు ఆగుతుంది. ఆ లెక్కన వెయ్యి పుటలకు రెండు గంటల నలభై ఏడు నిమిషాలు పడుతుంది. ఈ విరామాన్ని తగ్గించాలని తొందరపడేవారు కలరు. కాని ఎవరో చర్చాపుటలో "ఆపండి" అని వ్రాసినప్పుడు నూరు పుటలు చెడి ఉంటాయా, పదివేలు చెడి ఉంటాయా అన్నది ఆ పది సెకన్ల మీదనే ఆధారపడి ఉన్నది.