ఎవరి మాట? ఏ పుట?: ప్రశ్నలు - జవాబులు

సిద్ధాంతవ్యాసములు సమర్పింపవలసిన గడువు సమీపించినప్పుడెల్ల ఈ శీర్షికకు వచ్చు ఉత్తరములలో కొంత కంగారు తొంగిచూచుచుండును. ఈ మారు వచ్చినవానిలో పెక్కు ఉత్తరములు ఒక్క విషయమునే, అనగా పరుల గ్రంథములనుండి గ్రహించినదానిని ఎట్లు చెప్పుకొనవలెనను దానినే, పలు రీతుల ప్రశ్నించుచున్నందున, తక్కినవానిని వచ్చు సంచికకు వాయిదా వేసి వీనికే సమాధానములు వ్రాయుచున్నాను.

ప్రశ్న: అయ్యా, నేను చరిత్రశాఖలో ఎం.ఏ. విద్యార్థినిని. నా వ్యాసములో ఒక భాగమును ఒక గ్రంథమునుండి తీసికొని, మాటకు మాట మార్చి, వాక్యములను ముందు వెనుకలు చేసి వ్రాసితిని. ఆ గ్రంథము పేరు చివర ఉపయుక్త గ్రంథసూచిలో ఇచ్చితిని. అయినను మా పర్యవేక్షకులు ఇది చౌర్యమని కొట్టివేసినారు. మాటలు నావి, పుస్తకము పేరు దాచలేదు. ఇక నేను దొంగిలించినదేమి? (వరంగల్లు)

జవాబు: అమ్మా, మాటలు నీవైనను నడక ఆ గ్రంథకర్తది. ఒక చిన్న ఉదాహరణమును నేనే కల్పించి చూపెదను. ఒక గ్రంథమున ఇట్లున్నదనుకొనుము: ‘పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు శివాలయమును కట్టించెను. గుడిని, చెరువును ఒక్కచోట నెలకొల్పుటయందు ప్రజల భక్తిని, పంటను ఒకే కట్టున బంధించిన సామంతుని చాతుర్యము కనబడుచున్నది.’ దీనిని నీవు, ‘రేచర్ల రుద్రుడు 1213వ సంవత్సరమున పాలంపేటయందు శివమందిరమును నిర్మించెను. ఆలయమును, తటాకమును ఒకే తావున స్థాపించుటలో జనుల భక్తిని, సస్యమును ఒకే సూత్రమున ముడివేసిన సామంతుని నేర్పు గోచరించుచున్నది’ అని మార్చితివనుకొందము. గుడి ఆలయమైనది, చెరువు తటాకమైనది, పంట సస్యమైనది. అమరకోశము చేతనున్నవారెవ్వరైనను చేయగల పని ఇది.

ఇందు మొదటి వాక్యములోని సంగతి పాలంపేటలోని ఈ రామప్పగుడిని గూర్చి వ్రాసిన వారందరును చెప్పినదే గనుక దానికి ఒకరి పేరు చెప్పకున్నను లోపము లేదు. రెండవ వాక్యము అట్టిది కాదు. గుడికిని చెరువుకును నడుమ ఒక రాజనీతిని చూచినది ఒక మనుష్యుని బుద్ధి. ఆ చూపు నీది కానప్పుడు, దానిని ఎన్ని పర్యాయపదములతో అలంకరించినను నీది కానేరదు.

ఈ విచారణ మనకు క్రొత్తదియు కాదు. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమున వెలసిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము నాలుగవ ఉద్ద్యోతమున, ఒక కవి భావమునకును మరియొక కవి భావమునకును గల పోలిక మూడు తెరగులని విభజించి, అద్దములోని ప్రతిబింబము వంటి పోలికను, చిత్తరువు వంటి పోలికను విడువదగినవానిగను, ఒకరినొకరు పోలిన ఇరువురు మనుష్యుల వంటి పోలికను గ్రహింపదగినదానిగను నిర్ణయించెను. తరువాతి వాడైన రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణమునకును అర్థహరణమునకును ప్రత్యేకముగా అధ్యాయములనే కేటాయించి, ఈ మూటికి పరపురప్రవేశసదృశమను నాలుగవదానిని చేర్చెను. దొంగ కాని కవి లేడని ఛలోక్తి విసరిన ఆ రసికుడు నీ పర్యవేక్షకులకంటె మెత్తనివాడే యైనను, నీవు చేసినదానిని మాత్రము ప్రతిబింబమనియే తేల్చియుండును. అదియునుగాక, కవి పాఠకునకు బాకీపడినది రసము. నీవు బాకీపడినది, ఈ సంగతి నాకెట్లు తెలిసినదను లెక్క.

గ్రంథసూచి ఆ లెక్కను తీర్చజాలదు. నీ బల్లమీద ఏయే పుస్తకములుండెనో అది చెప్పునే గాని, ఏ వాక్యము ఏ పుస్తకముది యను సంగతిని చెప్పదు. కాబట్టి, ఆ పుటను చదివి, పుస్తకమును మూసి, వీలైనచో ఒక రాత్రి గడువనిచ్చి, మరునాడు నీకు నిలిచినంత మేరను నీ మాటలతో వ్రాయుము. ఆ ఊహ ఎవరిదో ఆ వాక్యములోనే పేరు చెప్పి, అక్కడనే అంకె వేసి, అధోజ్ఞాపికలో పుటసంఖ్యతో సహా చూపుము. ఆయన మాటలే ముద్దుగా తోచినచో వానికి ఉద్ధరణచిహ్నములు తగిలించి యథాతథముగా నిలుపుము. ఈ రెంటికిని నడుమ మూడవ దారి లేదు.

ప్రశ్న: మా విశ్వవిద్యాలయములోని సాఫ్ట్‌వేరు నా సిద్ధాంతగ్రంథములో 9 శాతమే పోలిక చూపినది. 10 దాటలేదు గనుక నిశ్చింతగా ఉండవచ్చునా? పైగా రెండు అధ్యాయములలో ఎక్కువ భాగము ఆంగ్ల గ్రంథములనుండి నేనే తెనిగించినాను. దానిని యంత్రము పట్టుకొనలేదు. (తిరుపతి)

జవాబు: విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో ప్రకటించిన నిబంధనల ప్రకారము 10 శాతము వరకు గల పోలికకు శిక్ష లేదు, 10 దాటి 40 లోపుగా నున్నచో, ఆరు నెలలకు మించని గడువులో సవరించి తేవలెను, 40 దాటి 60 లోపైనచో, సవరించిన ప్రతిని సమర్పించుటకు ఒక సంవత్సరము అనర్హత, 60 మించినచో నమోదే రద్దగును. తగురీతిగా పేరు చెప్పి ఉద్ధరించిన భాగములు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు, చట్టములు, ప్రామాణిక సమీకరణములు ఈ లెక్కలోనికి రావు. ఇంతవరకు మీరు ఎరిగినదే.

అయితే 200 పుటల గ్రంథమున 10 శాతమనగా 20 పుటలు. ఆ 20 పుటలు ఎవరివో మీకు తెలియును, యంత్రమునకు తెలియదు. కాటా బియ్యము బరువును చెప్పును గాని, ఆ బియ్యము ఎవరి పొలములో పండినవో చెప్పునా? శాసనపాఠములను పుష్కలముగా ఉద్ధరించిన నిర్దోషికి, యంత్రము ఆ ఉద్ధరణలను విడువనిచో, అంకె పెరుగవచ్చును. ఒక్క వాక్యమును, తన గ్రంథమునకు ప్రాణమైన ఆ ఒక్కదానినే, అపహరించినవానికి అంకె సున్నకు దగ్గరగా నుండవచ్చును.

తెనిగించిన అధ్యాయముల విషయమున మీ ధీమా నాకు విస్మయము కలిగించినది. యంత్రము సరిపోల్చునది అక్షరములను. ఇంగ్లీషు వాక్యము తెలుగైనంత మాత్రమున కర్త మారునా? నన్నయ మొదలు భారతమును తెనిగించిన ముగ్గురిలో ఎవ్వరును వ్యాసుని పేరు దాచలేదు. మీరు మూలగ్రంథమును, పుటను చూపి, ‘అనువాదము నాది’ అని ఒక్కమాట చేర్చుడు. ఆ పని చేసిన పిమ్మట ఆ రెండధ్యాయములలో మీ సొంతము ఎంత మిగులునో చూచి, మిగులనిచో మరల వ్రాయుడు.

ప్రశ్న: పాత సిద్ధాంతగ్రంథమొకదానినుండి అధోజ్ఞాపికలను ఎత్తి నా వ్యాసములో వేసికొంటిని. ఒకచోట పుటసంఖ్య తప్పట. మౌఖిక పరీక్షలో పరీక్షకులు ఆ పుట తెరచి చూపించి నన్ను నిలదీసినారు. పుస్తకమున్నమాట నిజమే గదా, అంకె ఒక్కటి తప్పినంతలో అంత గగ్గోలెందుకు? (విజయనగరము)

జవాబు: ఆ తప్పే మీమీద సాక్ష్యము చెప్పినది. తాళపత్రప్రతులను పరిష్కరించు పండితుల పద్ధతి మీకు తెలిసియుండును. రెండు ప్రతులలో ఒప్పు పాఠమున్నంత మాత్రమున వానికి బంధుత్వమున్నదని చెప్పజాలరు. ఒకే తప్పు, అదియు కాకతాళీయముగా ఇరువురు లేఖకులకు పట్టుబడజాలని వింత తప్పు, రెంటను ఉన్నచో, ఒకటి మరియొకదానిని చూచి వ్రాసినదనియో, రెండును ఒకే తల్లిప్రతికి బిడ్డలనియో తేల్చుదురు. ఒకే కావ్యమునకు పలు ప్రతులను తెప్పించి పండితులచే పోల్చి చూపించిన బ్రౌను దొర కాలమునుండి మనవారికి ఇది సుపరిచితమైన విద్యయే. మీ పరీక్షకులు మీ వ్యాసమునకు వంశవృక్షము గీచినారు, అంతే.

అధోజ్ఞాపిక యనగా ‘నేను ఈ పుటను చూచితిని’ అని వ్రాసి యిచ్చిన సాక్ష్యము. చూడనిదానిని చూచితినన్నచో ఆ పుట యందు చెప్పిన సంగతి సత్యమే యైనను సాక్ష్యము అబద్ధము. మూలము లేనిదేదియు వ్రాయనని ప్రతిజ్ఞ చేసి కాళిదాసునకు వ్యాఖ్య చేసిన కోలాచల మల్లినాథసూరిని (మెదకు సీమలోని కొల్చారము ఆయన ఊరని చెప్పుదురు) తెలుగువాడని గర్వపడు మనము, మూలమును చూడకయే మూలము పేరు చెప్పుట సొగసుగా నున్నదా?

దీనికి విరుగుడు సులభము. మూలము దొరికినచో తెరచి చూడుడు. దొరకనిచో, మొదట మూలగ్రంథము పేరు, పుట చెప్పి, తరువాత ‘ఉద్ధృతము’ అని వ్రాసి, మీరు నిజముగా చదివిన సిద్ధాంతగ్రంథమును, దాని పుటను చూపుడు. ఇందువలన మీ పాండిత్యము తగ్గినట్లు కనబడునను భయము కొందరికున్నది. పరీక్షకులకు మాత్రము అట్టి జ్ఞాపిక కనబడినంతనే తక్కినవానిపై నమ్మకము పుట్టును.

ఇక్కడనే మరి రెండు మాటలు. ముద్రణ సంవత్సరమును విడువకుడు. సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడిన తరువాత పలుమార్లు పునర్ముద్రితమైనది గనుక, ఏ ముద్రణమో చెప్పని పుటసంఖ్య ఊరు లేని చిరునామా వంటిది. రెండవది, ‘పైదే’ అను మాటతో జాగ్రత్త. కంప్యూటరులో పేరాలను అటునిటు కదల్చునప్పుడు నడుమ ఒక క్రొత్త జ్ఞాపిక దూరినచో, నిన్న ఒక గ్రంథమును చూపిన ‘పైదే’ నేడు మరియొక గ్రంథమును చూపును. నేను పరిశీలించిన వ్యాసములలో కొన్నింట ఈ చిన్నమాట కావించిన అనర్థమునకు లెక్కలేదు. చిత్తుప్రతి యందు అన్నింటికిని పూర్తి పేర్లు వ్రాసి, తుది ప్రతిలో మాత్రమే ‘పైదే’ వేసికొనుడు.

ప్రశ్న: నేను ఇంగ్లీషులో వ్యాసము వ్రాయుచున్నాను. ఎం.ఎల్.ఏ., ఏ.పి.ఏ. పద్ధతులలో ఇంటిపేరు ముందు వ్రాసి కామా పెట్టుమందురు. తెలుగు రచయితల పేర్లను ఎట్లు వ్రాయవలెను? (హైదరాబాదు)

జవాబు: చాల మంచి ప్రశ్న. ఆ పద్ధతులు ఇంటిపేరు చివర నుండు జాతుల కొరకు పుట్టినవి. మన ఇంటిపేరు మొదటనే కూర్చున్నది. ఈ సంగతి గుర్తింపక చివరి పదమును ముందునకు లాగినందున, సురవరము వారు ‘రెడ్డి, ఎస్. పి.’ అయి, వేటూరి వారు ‘శాస్త్రి, వి. పి.’ అయి, ఏ రెడ్డియో ఏ శాస్త్రియో వారి ఇంటివారికే తెలియని స్థితి కలుగుచున్నది. ఇంగ్లీషు సూచిలో ‘సురవరం, ప్రతాపరెడ్డి’ అనియు, ‘వేటూరి, ప్రభాకరశాస్త్రి’ అనియు వ్రాయుడు. తెలుగు సూచిలో కామాయే అనవసరము. గ్రంథాలయ పట్టికలలో ప్రతాపరెడ్డి అను పేరు ముందుగా నుండుటయు కలదు. దానిని అనుసరించినను తప్పులేదు గాని, మొదటినుండి చివరివరకు ఒక్క పద్ధతినే పాటింపుడు. పొడి అక్షరములను విడదీయుటకు వీలున్నచో విడదీయుడు, సి. నారాయణరెడ్డిగారు సింగిరెడ్డి వారని తెలిసినవానికి వెదకుట సులభము.

ప్రశ్న: గురజాడవారి రచనలకు కాపీరైటు తీరిపోయినది గదా, వారి వాక్యములను పేరు చెప్పక వాడుకొనవచ్చునా? మరియు, మా మాస్టారు తరగతిలో చెప్పిన మాటకు కూడ ఆకరము చూపవలెనా? (కాకినాడ)

జవాబు: మన దేశమున రచయిత మరణించిన పిదప 60 సంవత్సరములు హక్కు నిలుచును, గురజాడ 1915లోనే గతించెను గనుక ఆయన రచనలను ఎవరైనను అచ్చువేసికొనవచ్చును. అచ్చువేయు హక్కు వేరు, కర్త పేరు వేరు. మాస్టారి మాట అందరికిని తెలిసిన సంగతియైనచో అక్కరలేదు. ఆయన సొంత ఊహయైనచో ‘తరగతి ప్రసంగము’ అని తేదీతో చూపుము. పల్లెలో ఒక ముసలమ్మ పాడిన పాటకును ఇదే న్యాయము: ఆమె అనుమతితో పేరు, ఊరు, విన్న దినము.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎం.ఎస్. చదువుచున్నాడు. అతని వ్యాసములో చూపిన గ్రంథములలో నాలుగు అసలు ప్రపంచమున లేవని విశ్వవిద్యాలయమువారు విచారణకు పిలిచినారు. జాబితాను ఏదో ఏ.ఐ. యంత్రముచేత వ్రాయించినాడట. మా కాలమున గైడు పుస్తకమును పొల్లుపోకుండ అప్పజెప్పినవానికే మార్కులు వేసెడివారు. అక్కడ ఇంత చిన్నదానిని నేరమందురేమి? ఎవరిచేతనైనను చెప్పించి సరిచేయించుట సాధ్యమా? (గుంటూరు నుండి ఒక తండ్రి)

జవాబు: అయ్యా, మీ ఆందోళనము నాకు అర్థమైనది, ఆ గైడులను నేనును అప్పజెప్పినవాడనే. అప్పుడు పరీక్షింపబడినది జ్ఞాపకశక్తి. ఆ గైడు మనచేత ఎంత నలిగినదో దిద్దువారిచేతను అంతే నలిగినది గనుక, అందు మోసపోయినవాడు లేడు. వ్యాసములో మీ అబ్బాయి ‘నేను వీనిని చదివితిని’ అని చెప్పుకొన్నాడు. నమ్మినవాడు మోసపోయెను. 2023లో న్యూయార్కునందొక న్యాయస్థానమున, ఇట్టి యంత్రము కల్పించిన తీర్పులను నిజమైన తీర్పులుగా చూపిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడినది. వారు పండినవారు, మీవాడు విద్యార్థి. అందుచే అతని మాట వినుటకు అవకాశము ఎక్కువయే.

చెప్పించు ప్రయత్నము మానుడు. అది అక్కడ మేలు చేయదు సరికదా కీడే చేయును. అతడు వ్రాసికొన్న నోట్సు, చిత్తుప్రతులు, గ్రంథాలయమున తీసికొన్న పుస్తకముల వివరములు ఏమున్నవో అన్నియు ప్రోగుచేసికొని, ఆ పాఠ్యక్రమమునకు ఏ.ఐ. వాడుకను గూర్చి మొదట ఇచ్చిన నియమములను మరల చదివి, ఏది తాను వ్రాసినదో, ఏది యంత్రము వ్రాసినదో విడదీసి, తానై పోయి చెప్పవలెను. అంతకుముందు, ఈ రాత్రి అక్కడ తెల్లవారినంతనే ఫోను చేసి, లేని నాలుగు గ్రంథములను అటుంచి, ఆ జాబితాలో ఉన్న గ్రంథములలో దేనిని తెరచి చూచితివని అడుగుడు. అతడు చెప్పిన జవాబుతో నాకు మరల వ్రాయుడు.