ఉపసంహారము లేని మంత్రము

వడపళని, చెన్నై

చిరంజీవి మాధవికి తాతయ్య అనేకాశీర్వాదములతో వ్రాయునది.

నీ ఉత్తరమును, దానితో నీవు పంపిన నీ కథలోని అధ్యాయములును, మంత్రముల పట్టికయు నిన్నటి టపాలో చేరినవి. నీ ఉత్తరమును బట్టి చూడగా నీవు సుఖముగా ఉన్నట్లే తోచుచున్నది. మీ అమ్మ ఫోనులో చెప్పినదానిని బట్టి మాత్రము నీవు రాత్రి రెండు గంటలవరకు మేలుకొని, పూటకు రెండు రొట్టెముక్కలతో సరిపెట్టుకొని, నిద్రకన్నులతో ఆఫీసునకు పోవుచున్నావు. కథకొరకు ఉద్యోగము మానివేయుదునని స్నేహితురాలితో అంటివని కూడ వినికిడి. ఈ మాటలలో దేనిని నమ్మవలెనో నిశ్చయించుకొనుటకు నాకు వయసు చాలును. కథ వ్రాయవలదని నేననుట లేదు. మన ఇంట కథలు మొదలుపెట్టినవారు అనేకులు కలరు, ముగించినవారే లేరు. నీవైనను ముగింతువను ఆశతోనే ఈ వృద్ధుడు భూతద్దము చేతబట్టి నీ పట్టికను ఆమూలాగ్రము చదివినాడు.

పృథివి, జలము, అగ్ని, వాయువు, ఆకాశము అని ఐదు శాఖలు చేసి, శాఖకు పన్నెండేసి వంతున అరువది మంత్రములు కల్పించి, ఏ మంత్రము ఏ గురువుకడ ఎన్ని వరహాలకు లభించునో సైతము వ్రాసిన నీ ఓపికకు ముచ్చటపడితిని. కాని తల్లీ, కిరాణా కొట్టులో వ్రేలాడదీసిన ధరల పట్టికను చదివి ఆ వీధివారి వంటల రుచి తెలిసికొనలేనట్లే, ఈ జాబితాను చదివి నీ రాజ్యములోని మనుష్యులు ఎట్లు బ్రదుకుచున్నారో, దేనికి భయపడుచున్నారో నేను తెలిసికొనలేకపోయితిని. అంతకంటె నన్ను కలతపెట్టినది మఱియొకటి కలదు. ప్రతి మంత్రమునకు ఎదురుగా అది ఏమి చేయునో వ్రాసితివి. దానిని మరల్చుట ఎట్లో, మరల్చగలవారెవరో, మరల్చలేనివాని గతి యేమో ఒక్కదానికిని వ్రాయవైతివి. ఉపసంహారము తెలియని మంత్రము కథలో ఉండరాదు. ఈ ఒక్క వాక్యమును నీ బల్లకెదురుగా గోడకు అంటించుకొన్నచో ఈ ఉత్తరములో తక్కినదంతయు చదువకపోయినను నాకు కోపము లేదు.

తాటకావధానంతరము విశ్వామిత్రుడు రామునకు అస్త్రములననుగ్రహించిన ఘట్టము నీకు చిన్ననాడే చెప్పియుంటిని. పదునారేండ్లైన నిండని బాలుడు, లోకములో మఱెవ్వరికిని దొరకని ఆయుధములు చేతికి రాగా, ఏమి చేసెనో జ్ఞాపకమున్నదా? వానిని ప్రయోగించి చూతమని తొందరపడలేదు. దారిలో నడచుచునే, వీని ఉపసంహారమును గూడ ఉపదేశింపుమని మునిని అడిగెను. ముని ఉపదేశించెను. యజ్ఞరక్షణము ఆ పిమ్మటి మాట. ఆ ఒక్క ప్రశ్నతోనే ఆ బాలుడెట్టివాడో వాల్మీకి మనకు తెలిపినాడు.

భారతమున ఇదే ధర్మము తలక్రిందుగా కానవచ్చును. సౌప్తికపర్వమున అశ్వత్థామ గడ్డిపోచను అభిమంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రమును విడిచెను. దానికెదురుగా అర్జునుడును విడిచెను. వ్యాసనారదులు నడుమ నిలిచి మరల్పుడనగా అర్జునుడు మరల్చెను, అశ్వత్థామ మరల్పలేకపోయెను. దానిని మరల్చుటకు వ్రతనిష్ఠ కావలెననియు, అది లేనివాడు మరల్పబూనినచో అతని శిరస్సునే ఛేదించుననియు నియమము. ఇద్దరికిని విద్య నేర్పిన గురువు ఒక్కడే. విడుచుటలో ఇద్దరును సమానులే. మరల్చుటకడనే వారి శీలములు వేరుపడినవి. మరలని ఆ అస్త్రము ఉత్తర గర్భమును తాకుట, మృతశిశువును శ్రీకృష్ణుడు బ్రదికించుట, ఆ శిశువే పరీక్షిత్తగుట, అతని కుమారుడైన జనమేజయుడు సర్పయాగము చేయుచు భారతకథ వినుట, ఇంత పరంపర ఆ ఒక్క అస్త్రము మరలకపోవుటనుండి నడచినది. నీ పట్టికలో అటువంటి సంతానము గల మంత్రము ఒక్కటైనను ఉన్నదా?

ఇక పెద్దనగారి మనుచరిత్రములోని ప్రవరునికడకు రమ్ము. తీర్థయాత్రలనిన చెవి కోసికొనుచునే ఇల్లు కదలనెరుగని ఆ గృహస్థు, సిద్ధుడొసగిన పాదలేపనముతో హిమాలయమునకు పోయినాడు. మంచు సోకి లేపనము కరగిపోయినది. నియమమెంత చిన్నదో చూడుము: ఆ పసరుకు మంచు పడదు, అంతియే. కాని అది లేనిచో ప్రవరుడు సాయంకాలమునకు ఇల్లు చేరి సంధ్యావందనము చేసికొనియుండెడివాడు. వరూధిని విరహము లేదు, గంధర్వుని మాయారూపము లేదు, స్వరోచి జననము లేదు, మనకు మనుచరిత్రమే లేదు. ఇక మరలుట ఎట్లు? నీవైనచో అతనికి అప్పటికప్పుడు నలుబది మూడవ మంత్రమును స్ఫురింపజేసియుందువు. పెద్దన అట్టి దొంగదారి త్రొక్కలేదు. ఆ విప్రుడు నిత్యాగ్నిహోత్రియని మొదటనే మనకు చూపియుంచెను. ఆపదలో అతడు ఆ అగ్నినే ప్రార్థించెను. అగ్నియే అతనిని ఇల్లు చేర్చెను. చదువరి ఇందులో మోసమున్నదని అనడు. ఏలయన ఆ సహాయమునకు వెల ప్రతిదినము హోమగుండముకడ చెల్లుచుండుటను అతడు ముందే చూచియున్నాడు.

అందుచేత నీ ఏడవ అధ్యాయమున పాడుబావిలో పడిన కుమ్మరి పిల్లవానికి హఠాత్తుగా జ్ఞప్తికి వచ్చిన ఆ మంత్రమును కొట్టివేయుము. వాడు కుమ్మరివాని కొడుకని రెండవ అధ్యాయమున నీవే వ్రాసితివి. ఏ మన్ను నిలుచునో, ఏ మన్ను జారునో వాని చేతులకు తెలియును. ఆ తెలివితో బావిగోడను పట్టి పైకి వచ్చినచో వానిని నేను నమ్ముదును. వచ్చిన తరువాత ఆ చేతులకు మంత్రము నేర్పుము, వలదనను.

ఇట్టి సంగతులు నాకు పుస్తకములవలన పట్టుబడినవనుకొనెదవేమో! 1951లో పాతాళభైరవి సినిమా వచ్చినప్పుడు నేనింకను నిక్కరు తొడుగుకొను బాలుడను. ఆ వేసవిలో మన ఊరి రామాలయము ముందు పిల్లలమందరము చేరి ఒక మాంత్రికుని నాటకమాడితిమి. మాంత్రికుడు మీ చిన్నతాత. కుంపటిలో గుప్పెడు సాంబ్రాణి పడగనే ఆ పొగలో మాయమగుట అతని విద్య. మాయమైనాడు! జనము చప్పట్లు కొట్టిరి. పొగ విడిన తరువాత తిరిగి ఎక్కడ, ఎప్పుడు ప్రత్యక్షము కావలెనో నాటకము కూర్చిన పెద్దవాడు అతనికి చెప్పియుండలేదు గనుక, అతడు తెరవెనుకనుండి నేరుగా ఇంటికి పోయి, అమ్మ పెట్టిన పెరుగన్నము తిని పండుకొనెను. మూడవ అంకమున రాజు ‘ఓరీ మాంత్రికా’ యని పిలుచును, ఎవరును పలుకరు. మరల పిలుచును, పలుకరు. హార్మోనియమువాడు వాయించిన వరుసనే మరల మరల వాయించుచుండెను. నేను లాంతరు పట్టుకొని వీధివెంట వెదకుచుంటిని. చిన్నతాతను అడుగుము, ఇప్పటికిని నవ్వును. పాపము, వానికి ఈ నడుమ మోకాళ్లనొప్పులు హెచ్చినవట. ఒకమారు ఫోనుచేసి పలుకరింపుము.

పాతాళభైరవిలోని బిగి ఎచ్చటనున్నదో అప్పుడు తెలియలేదు. తరువాత మద్రాసు చేరి అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుకొను రోజులలో, కోడంబాకమునకు వంతెన లేనందున రైలుగేటు పడినప్పుడెల్ల సినిమావారి కార్లు నిలిచిపోవుటయు, తారలను చూచుటకు జనము మూగుటయు జరుగుచుండెడిది; నేనును ఆ మూకలో ఒకడనై నిలిచి, ఆ చిత్ర రచయిత పింగళి నాగేంద్రరావుగారి కల్పనను గూర్చి మిత్రులతో వాదులాడుచుంటిని. అందులో మాంత్రికుడైన ఎస్.వి. రంగారావుగారిని ఆ గేటుకడ చూచితినని నేననిన మీ మామ్మ నేటికిని నమ్మదు. వాదమున తేలినదిది: ఆ కథలోని పాతాళభైరవి ప్రతిమ సాధువు చేతిలోనున్నదా, దుష్టుని చేతిలోనున్నదా యని విచారింపదు, ఎవనికడనున్న వానికి పనిచేయును. కథానాయకుడైన తోటరాముని కోరికచే వెలసిన మేడ, ప్రతిమ నేపాళ మాంత్రికునికి చిక్కినంతనే రాజకుమార్తెతో సహా తరలిపోయినది. ఇచ్చిన శక్తియే తీసికొనిపోగలదని తెలిసినది గనుకనే తోటరాముని సుఖము చూచుచున్నంతసేపు మన గుండె పీచుపీచుమనును.

1957లో మాయాబజారు సినిమా వచ్చినప్పుడు వాహినీ స్టూడియోలో పనిచేయు మిత్రునొకనిని పట్టుకొని, వస్తువులు మాయమగుట, రూపములు మారుట ఎట్లని పీడించితిని. కెమెరా కదలరాదు, నటుడు నిలిచినచోటనే నిలువవలెను, త్రిప్పుట ఆపి వస్తువును మార్చి మరల త్రిప్పవలెను, వెలుగు వెంట్రుకవాసియైన మారరాదు అని అతడు చెప్పెను. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే కంటికి కట్టిన మాయకు వెనుక ఇంతటి కట్టుబాటు కలదు. కాగితముమీద మాయ చేయువారికి కట్టుబాటు అక్కరలేదందువా?

ఈ వడపళనిలోనే చందమామ వెలువడినదని నీకు వేరుగా చెప్పవలెనా? 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మొదలుపెట్టిన ఆ పత్రికను 1952 మొదలు 1980లో కన్నుమూయువరకు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారు దయ్యములను నమ్మినవారు కారు, పరమ హేతువాది. అందుచేతనే కాబోలు, అందులోని దయ్యములు కూడ తర్కము తప్పి ప్రవర్తింపవు. చిత్రాగారి బొమ్మలతో వచ్చు దాసరి సుబ్రహ్మణ్యంగారి తోకచుక్క, మకరదేవత వంటి ధారావాహికలకొరకు నెలనెల కాచుకొనియుండినవారము మేము. ఇక ఆ బేతాళుడు! శవమును భుజముననిడుకొని నడచు విక్రమార్కుని శంకర్‌గారు ఎంతకాలము గీసినను విసుగు పుట్టలేదు. సమాధానము తెలిసియు చెప్పకున్న తల వ్రక్కలగును. చెప్పిన మౌనభంగమై బేతాళుడు చెట్టెక్కును. పట్టును అదియే, విడుపును అదియే. ఆ రెండు కట్టుబాట్లతో వందలాది కథలు నడచినవి; నీ అరువది మంత్రములతో ఏడు అధ్యాయములు నడచుటకే ఆయాసపడుచున్నవి.

ఈ ధర్మము మంత్రములకే పరిమితమని అనుకొనకుము. మా అపార్టుమెంటులో క్రొత్తగా లిఫ్టు పెట్టిరి. నడుమ కరెంటు పోయినచో తలుపు ఎట్లు తెరచుకొనునని కాపలావానిని అడిగితిని, వానికి తెలియదు. కార్యదర్శినడిగితిని, కంపెనీవానిని అడుగుమనెను. ఆనాటినుండి మూడంతస్తులును మెట్లమీదనే ఎక్కుచున్నాను. మీ మామ్మ కూరల సంచితో సుఖముగా లిఫ్టులో పోయి, పైన తలుపు తీసి, నా కొరకు మంచినీళ్ల గ్లాసుతో నిలిచియుండును. నవ్వుకొమ్ము, ఫరవాలేదు. వాయిదాలమీద కొన్న వస్తువు, కోపములో పట్టిన శపథము, పదిమందిలో అన్న మాట, ఇవన్నియు ప్రయోగము సులభమై, ఉపసంహారము కఠినమైన అస్త్రములే. పద్మవ్యూహము చొచ్చుట మాత్రము తెలిసిన అభిమన్యుని తలచుకొనినప్పుడెల్ల నాకు నీ వయసు పిల్లలే కన్నులలో మెదలుదురు. రాత్రి బల్లముందు కూర్చుండుట నీకు తెలిసినది, లేచుట ఇంకను తెలియలేదు. ఉద్యోగము మానుటయు అట్టిదే. పుస్తకము పూర్తియగువరకు ఇంటి అద్దె ఎట్లు చెల్లునో కాగితముమీద వ్రాసి పంపుము. లెక్క కుదిరినచో ముందుగా సరేయనువాడను నేనే, మీ అమ్మకు నచ్చజెప్పువాడనును నేనే.

ఇక పని చెప్పెదను. అరువదిలో ఐదింటిని ఉంచుము. ప్రతిదానికి నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాయుము: వెల యేమి, దానిని చెల్లించువాడెవడు, ఎచ్చట అది పనిచేయదు, ఎవడు ఎట్లు మరల్చగలడు. పిమ్మట ఆ మంత్రమున్న ఊరిలో ఒకనాడు ఉదయమునుండి సాయంకాలమువరకు తిరిగి రమ్ము. ఎగురు విద్య పదిమందికి తెలిసిన రాజ్యమున కోటగోడ ఎందులకు? పడవవాడు ఏమి తిని బ్రదుకును? గాయము మాన్పు మంత్రమున్నచో మంగలి, మంత్రసాని, వైద్యుడు ఏమైరి? వారు ఆ మంత్రగాండ్రను ప్రేమింతురా, ద్వేషింతురా? నీ కథ అక్కడ దొరకును. పంచభూతముల పట్టికలో దొరకదు. ఈ నియమములన్నియు చదువరికి ఉపన్యాసముగా చెప్పవలదు సుమా. పెద్దన మంచును గూర్చి ముందుగా హెచ్చరింపలేదు. లేపనము కరగినప్పుడే మనకు తెలిసినది, ప్రవరునికి ఆ పిమ్మటనే తెలిసినది. నీవు తెలిసికొనియుండుట ముఖ్యము, చెప్పుట కాదు.

నీ మూడవ అధ్యాయమున ఆ ముసలిది తన పేరు మరచిపోవుచు దీపము వెలిగించు ఘట్టము చదివి చాలసేపు కాగితము ప్రక్కన పెట్టితిని. అందులో వెల ఉన్నది, చెల్లించు మనిషి ఉన్నది. అది నీకు పట్టికను చూచి వ్రాసినప్పుడు వచ్చినది కాదు. కాబట్టి నీకు చేతనగును. చేతకానివారికి ఇంత ఉత్తరము వ్రాయు ఓపిక నాకు లేదు.

సవరించిన అధ్యాయములను పెద్ద అక్షరములతో అచ్చుతీయించి పంపుము. మామ్మ కందిపొడియు, గోంగూర పచ్చడియు కట్టి ఉంచినది; వచ్చువారెవరైన దొరికిన వెంటనే పంపెదను. అన్నము వండుకొని తినుము. పది గంటలకు దీపమార్పి పండుకొనుము. ఆ కుమ్మరి పిల్లవాడు బావిలో ఒక రాత్రి ఉన్నంతమాత్రమున చావడు, వానిని తెల్లవారిన పిమ్మట పైకి తీయవచ్చును.

ఇట్లు,
ఆశీస్సులతో,
తాతయ్య

తా.క. : అద్దె లెక్క మరువకుము.