ఐడ్లింగ్ స్క్రూ తిప్పే ముందు

మా తమ్ముడి దగ్గర 1996 మోడల్ మారుతి 800 ఉంది. ఒకప్పుడు అది సిగ్నల్ పడితే చాలు ఆగిపోయేది. ఒకరోజు అమ్మీని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, రైల్వే గేటు ఎత్తిన తరువాత సరిగ్గా పట్టాల మీద ఆగింది. వెనక ఆటోవాళ్లు దిగి తోశారు. మర్నాడు చూపిస్తే మెకానిక్ బానెట్ ఎత్తి, ఒక స్క్రూను ముప్పావు చుట్టు తిప్పి ఇచ్చాడు. ఆగడం మానింది. కాని నెల తిరిగేసరికి పెట్రోలు ఖర్చు పెరిగింది. ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్ మీద కాలు తీసేసినా బండి ముందుకు తోసుకుపోయేది. రోగం పోలేదు, చప్పుడు మాత్రం మారింది.

పిల్లలకు సైన్సు చెప్పుకునే నాకు ఆ స్క్రూ ఏం చేస్తుందో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నది మీ ముందుంచుతున్నాను. పాత బండ్లు నడిపేవారికీ, వర్క్‌షాపులో పని నేర్చుకునే కుర్రాళ్లకూ ఉపయోగపడుతుంది.

బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను తనంతట తాను తిరగడాన్నే ఐడ్లింగ్ అంటాం. చాలా పెట్రోలు కార్లకు ఇది నిమిషానికి 800 నుంచి 900 చుట్లు. మారుతి 800లో మూడు సిలిండర్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజను కాబట్టి ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. 800 చుట్ల దగ్గర లెక్క వేస్తే నిమిషానికి 1200 మంటలు, అంటే సెకనుకు 20. ఒక సిలిండర్ మిస్సయితే అవి పదమూడుకు కాస్త ఎక్కువగా పడిపోతాయి. బండి వణకడానికి అదే కారణం. తరగతిలో ఈ లెక్క చేయిస్తే పిల్లలు ఇంజను చప్పుడును చెవులు రిక్కించి వింటారు.

ఇప్పటి కార్లలో ఈ వేగాన్ని కంప్యూటర్ చూసుకుంటుంది. కొన్నిటిలో అందుకు ఐడిల్ కంట్రోల్ వాల్వ్ అనే చిన్న భాగం ఉంటుంది. త్రాటిల్ బిళ్ల మూసి ఉన్నా ఇది పక్కదారిన గాలిని అవసరమైనంత పంపుతుంది. ఇంజను చల్లగా ఉంటే ఎక్కువ, వేడెక్కాక తక్కువ, ఏసీ వేస్తే మళ్లీ కొంచెం ఎక్కువ. 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐ వచ్చేవరకు మారుతి 800లో ఉన్నది కార్బొరేటరే. అందులో ఈ వాల్వు పనిని నలుగురు పంచుకుంటారు: పొద్దున్నే చోక్, ఏసీ వేసినప్పుడు త్రాటిల్‌ను కాస్త తెరిచే డయాఫ్రమ్, మిగతా వేళల్లో రెండు స్క్రూలు. ఒక స్క్రూ త్రాటిల్ బిళ్ల పూర్తిగా మూసుకోకుండా ఆపుతుంది. దీన్ని బిగిస్తే వేగం పెరుగుతుంది. రెండోది మిక్చర్ స్క్రూ. బిళ్లకు దిగువన ఉన్న సన్నటి రంధ్రం గుండా వచ్చే పెట్రోలు మిశ్రమం ఎంతో ఇది నిర్ణయిస్తుంది. ఈ రకం కార్బొరేటర్లలో లోపలికి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, బయటికి తిప్పితే పెరుగుతుంది.

మెకానిక్ తిప్పింది మొదటి స్క్రూ. అసలు లోపం గాలిది. కొబ్బరిబొండంలో వేసిన స్ట్రాకు పైన చిల్లు పడితే ఎంత పీల్చినా నీళ్లకు బదులు గాలే ఎక్కువ వస్తుంది కదా! కార్బొరేటర్ కింద ప్యాకింగ్ చిట్లితే జరిగేదీ అదే. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో ఒకటికి సుమారు 14.7 వంతుల గాలి కావాలి. లెక్కలో లేని గాలి దూరితే మిశ్రమం పలచబడి ఇంజను ఆగుతుంది. బిళ్లను ఇంకా తెరిస్తే ఆగదు నిజమే. కాని అప్పుడు యాక్సిలరేటర్ తొక్కితేనే పనిచేయాల్సిన పై రంధ్రాలు కూడా తెరుచుకుని పెట్రోలు కార్చడం మొదలుపెడతాయి. ఆ స్థితిలో మిక్చర్ స్క్రూ ఎటు తిప్పినా ఇంజనులో తేడా రాదు. ఆ ఒక్క గుర్తు చూసి తప్పు వేరేచోట ఉందని చెప్పవచ్చు. ఐడిల్ జెట్టులో మట్టి చేరినా ఇదే లక్షణం.

అందుకే స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందు చేయవలసిన పని చాలా ఉంది. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉందా, ప్లగ్గుల గ్యాప్, వాల్వుల గ్యాప్, ఇగ్నిషన్ టైమింగ్ సరిగా ఉన్నాయా చూడాలి. తరువాత ఇంజను నడుస్తుండగా రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కి చప్పుడు మారుతుందేమో వినాలి. కార్బొరేటర్ అడుగు అతుకుల దగ్గర నాలుగు చుక్కల నీళ్లు వేసినా తెలుస్తుంది. లీకుంటే నీటిని పీల్చుకుని ఇంజను ఒక్క క్షణం తడబడుతుంది. మా తమ్ముడి బండి అలాగే దొరికింది. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు. వేడి ఇంజను మీద ఆ పని వద్దు.

ఇంకో మాట. ఈ పనంతా ఆరుబయట చేయాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మూసిన షెడ్డులో ప్రాణం తీస్తుంది. ఈ కారులో రేడియేటర్ ఫ్యాను కరెంటుది, చెప్పకుండా తిరగడం మొదలుపెడుతుంది. కుర్తా చేతులు, రుమాలు దూరంగా ఉండాలి.

ఇక ట్యూనింగ్. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజను బాగా వేడెక్కనివ్వాలి. చోక్ పూర్తిగా లోపలికి నెట్టాలి. సగం లాగి ఉన్న చోక్‌తో ట్యూన్ చేసిన బండి తరువాత ఆగక మానదు. ఏసీ, లైట్లు ఆపాలి. ఇంజను ఆపి మిక్చర్ స్క్రూను మెల్లగా లోపలికి తిప్పి, తగిలీ తగలగానే వదిలేయాలి. గట్టిగా బిగిస్తే సూది మొన గాడిపడి కార్బొరేటరే పాడవుతుంది. అక్కడి నుంచి ఒకటిన్నర, రెండు చుట్లు వెనక్కి తిప్పి ఇంజను స్టార్టు చేయాలి. వేగం స్క్రూతో 850 దగ్గర నిలపాలి. ఇప్పుడు మిక్చర్ స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ కాసేపు ఆగి వినాలి. ఒకచోట వేగం గరిష్ఠానికి చేరుతుంది, దాటితే మళ్లీ తగ్గుతుంది. ఆ గరిష్ఠం దగ్గర ఆగి, వేగం స్క్రూతో మళ్లీ 850కి దించాలి. ఇలా రెండు మూడుసార్లు. చివరగా మిక్చర్ స్క్రూను రవ్వంత లోపలికి తిప్పాలి, ఇంజను వణకనంతవరకే. ఓపిక లేనివాళ్లు ఒకే విడతలో ముగిస్తారు. నేనూ మొదటిసారి అలాగే చేసి మళ్లీ మొదలుపెట్టాను.

చెవి ఒక్కదాన్నే నమ్మకూడదు. పొల్యూషన్ సర్టిఫికెట్ కేంద్రంలో ఐడ్లింగ్ దగ్గరే పొగను కొలుస్తారు. ఆ కాలపు పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం మించకూడదు. ఆ అంకె ఎక్కువుంటే మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైనట్టే.

ఆఖరున హెడ్‌లైట్లు వేసి చూడాలి. వేగం కొంచెం తగ్గడం సహజం, ఇంజను ఆగకుంటే చాలు. ఏసీ డయాఫ్రమ్‌ను ఇదంతా అయ్యాకే సరిచేయాలి.

ప్యాకింగ్ మార్చాక మా తమ్ముడి బండికి ఆ ముప్పావు చుట్టు మొత్తం వెనక్కి తిప్పవలసి వచ్చింది. మిక్చర్ స్క్రూ ఎన్ని చుట్ల దగ్గర కుదిరిందో బానెట్ లోపలివైపు తెల్ల పెయింటుతో రాసుకున్నాడు: ఒకటి ముప్పావు.