వెలుగు మీటలకు తగిన నిరోధకము



ఆర్కేడు ఆటయంత్రములపై ఆడువారి చేతిక్రింద రంగురంగుల గుండ్రని మీటలు వెలుగుచుండుట మీలో కొందఱు చూచియే యుందురు. ఆ మీటలు నేడు విడిగా కూడ దొరకుచున్నవి. ఇంటిలో ఆటపెట్టె కట్టుకొనువారును, పాఠశాలలో ప్రశ్నల పోటీకి నొక్కుడు మీటలు అమర్చువారును వానిని కొనుచున్నారు. పిమ్మట పలువురకు కలుగు అసంతృప్తి యొక్కటే: మీట చాలినంతగా వెలుగదు. అంతట తొందరపడి నిరోధకమును తీసివేసి దీపమును మాడ్చుకొనువారు గలరు. సరియైన మార్గమేదో ఈ పాఠమున లెక్కతో తెలిసికొందము.

మన పాఠ్యపుస్తకము నిరోధకమని పిలుచు వస్తువునే అంగడిలో రెసిస్టరు అందురు. కాంతి ఉద్గార డయోడును ఎల్.ఇ.డి. అందురు. రెండు పేర్లును నేర్చుకొనుడు. మొదటిది భావమును తెలుపును, రెండవది వస్తువును తెచ్చిపెట్టును.

దీపము యొక్క స్వభావము

కంటికి కనబడు ఎఱ్ఱని కాంతి నిచ్చు డయోడును నిక్ హోలోన్యాక్ 1962లో అమెరికాలో నిర్మించెను. నీలికాంతి డయోడును సాధించుట కష్టమయ్యెను. అందులకై కృషిచేసిన అకసాకి, అమానో, నకమురా అను శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. తెల్లని ఎల్.ఇ.డి.లు చాలవఱకు నీలి డయోడుపై పసుపు కాంతి నిచ్చు పూత పూసి చేసినవే.

ఎఱ్ఱని ఎల్.ఇ.డి. వెలుగుటకు సుమారు 2 వోల్టులు కావలెను. నీలి, తెలుపు రకములకు సుమారు 3.2 వోల్టులు కావలెను. అంతకు మిక్కిలి తక్కువైనచో దీపము వెలుగదు. ఏ కొంచెము ఎక్కువైనను ప్రవాహము ఒక్కపెట్టున పెరిగి దీపము చెడును. సాధారణమైన 5 మిల్లీమీటర్ల దీపము ఎడతెగక ఓర్చుకొనగల ప్రవాహము సుమారు 20 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. చెరువునీరు పొలమును ముంచకుండ తూము ఎట్లు అదుపుచేయునో, విద్యుత్ప్రవాహమును నిరోధకము అట్లే అదుపుచేయును.

లెక్క చేయు విధము

జర్మనీ దేశీయుడగు ఓమ్ 1827లో ప్రకటించిన నియమమే మనకు చాలును. విద్యుత్తు నిచ్చు సాధనపు వోల్టేజి నుండి దీపపు వోల్టేజిని తీసివేసి, మిగిలినదానిని కావలసిన ప్రవాహముచే భాగించిన నిరోధము ఓములలో వచ్చును. 20 మిల్లీ ఆంపియర్ల హద్దును తాకక 15 చొప్పున తీసికొనుట క్షేమము.

ఉదాహరణము: 5 వోల్టుల సాధనము, ఎఱ్ఱని దీపము. 5 నుండి 2 తీసివేయగా 3 మిగులును. 3ను 0.015చే భాగింపగా 200 ఓములు వచ్చును. అంగడిలో సులభముగ దొరకు విలువలలో దీనికి పైన నున్నది 220. ఎఱుపు, ఎఱుపు, గోధుమ రంగు పట్టీలు దాని గుర్తు. తెల్లని దీపమైనచో మిగులునది 1.8 వోల్టులే కనుక 120 ఓములు చాలును. లెక్కకు సరిపోవు విలువ దొరకనప్పుడు దాని పై విలువనే ఎన్నుకొనవలెను, క్రిందిదానిని ఎన్నుకొనరాదు.

మీట మసకగా వెలుగుటకు కారణము

ఆటయంత్రముల మీటలు అనేకము 12 వోల్టులకు సిద్ధపఱుపబడినవి. వాని దీపపు గూటిలో పెద్ద నిరోధకము ముందే అతికింపబడి యుండును. అది 680 ఓములనుకొందము. ఆ మీటను యు.ఎస్.బి. తీగ ద్వారా వచ్చు 5 వోల్టులకు కలిపినచో తెల్లని దీపమున ప్రవహించునది 2.6 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. దోషము దీపమున లేదు. ఆ నిరోధకమునకు మాఱుగా 120 ఓములది అతికింపవలెను. లేదా 5 వోల్టులకై చేసిన దీపమును కొనవలెను. కాని మార్చిన మీటను మరల 12 వోల్టులకు కలుపరాదు. అప్పుడు సుమారు 73 మిల్లీ ఆంపియర్లు ప్రవహించి దీపము నశించును.

మిక్కిలి వెలుగు దీపమును ఎన్నుకొనుట

ప్రవాహము హద్దులో నుండియు వెలుగు చాలనిచో మంచి దీపమును ఎన్నుకొనవలెను గాని నిరోధకమును ఇంకను తగ్గింపరాదు. దీపపు వెలుగును మిల్లీక్యాండెలాలలో తెలుపుదురు. ఐనను వాపును చూచి బలుపనుకొనరాదు. కాంతిని సన్నని కోణమున కూర్చిన దీపమునకు ఈ సంఖ్య పెద్దదిగ నుండును. కాని మీట నడుమ ఒక చుక్క మాత్రమే మెఱయును. మీట అంతయు సమముగ వెలుగుటకు విశాలకోణముగల దీపము మేలు. రంగును గూడ గమనింపవలెను. సాధారణమైన తెల్లని ఎల్.ఇ.డి.లో ఎఱుపు పాలు తక్కువ గనుక, ఎఱ్ఱని మూతక్రింద ఎఱ్ఱని దీపమే చక్కగ వెలుగును.

కొన్ని జాగ్రత్తలు

ప్రతి దీపమునకును వేఱు నిరోధకము పెట్టవలెను. పక్కపక్కన కలిపిన దీపములన్నిటికి ఒక్కటే పెట్టినచో ప్రవాహము సమముగ పంచుకొనబడదు. పది మీటలకు 15 చొప్పున 150 మిల్లీ ఆంపియర్లగును. ఇంత భారమును చిన్న నియంత్రణ ఫలకపు ఒక్క కాలిపై మోపరాదు.

తల్లిదండ్రులకొక విన్నపము: పిల్లలు బ్యాటరీతో గాని 5 వోల్టుల సాధనముతో గాని ఈ పని చేయవచ్చును, గోడలోని 230 వోల్టుల విద్యుత్తు జోలికి వారిని పోనీయకుడు. చవుకదైనను ఒక మల్టీమీటరు కొనియిచ్చినచో, ఊహించుటకు బదులు కొలిచి తెలిసికొను అలవాటు వారికి అబ్బును.

అభ్యాసము

1. సాధనము 12 వోల్టులు, ఎఱ్ఱని దీపము, 15 మిల్లీ ఆంపియర్లు. నిరోధకమెంత? (లెక్కకు 667, కొనవలసినది 680 ఓములు.)

2. రెండు తెల్లని దీపములను ఒకదాని వెంట నొకటి కలిపి 5 వోల్టులకు తగిలించిన అవి చక్కగ వెలుగునా? కారణము వ్రాయుడు.